రీలు దండగ

పోయిన దసరాకి అందరం వికారాబాద్ ఇంట్లో కలిసినప్పుడు మా మేనకోడలు పక్కకు పిలిచి అడిగింది. "మామా, పాత డిజిటల్ కెమెరా ఒకటి కొందామనుకుంటున్న. జేబులో పట్టాలె, ధర ఎక్కువుండొద్దు, ఇంట్ల అందరం వాడుకునేటట్టుండాలె. ఏది తీస్కోవాలె?" దాని చేతిలో ఉన్న ఫోనుకు వెనక మూడు కళ్ళు, ముందొకటి. అవి చాలవా అన్నాను. హైదరాబాద్‌లో దాని హాస్టల్లో ఇప్పుడు పదిహేనేళ్ళ కిందటి కెమెరాలకి గిరాకీ ఉందట. వాటిలో ఫోటో దిగితే ఫ్లాషు మొహమ్మీద కొట్టి, వెనకంతా చీకటై, "నిజంగా ఆ రోజు జరిగినట్టు" వస్తుందట.

నవ్వొచ్చింది గానీ, జవాబు వెంటనే రాలేదు. ఇదే ప్రశ్న మా ఇంట్లో ఇంతకుముందు మూడుసార్లు లేచింది. మా నాయిన కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరినప్పుడొకసారి, 1996లో ఒకసారి, 2006లో ఇంకోసారి. మూడుసార్లూ ధర ఎంత, మోయగలమా, ఎవరు వాడతారు అన్నదాని మీదే చర్చ. మూడుసార్లూ కెమెరా కొన్నాం. ఆ మూడు కెమెరాల్లో మా నాయనమ్మ ఎన్నిసార్లు పడిందో లెక్క తీస్తే, ఇది నేననుకున్నంత చిన్న ప్రశ్న కాదనిపించింది.

ఫోటో విషయంలో తెలుగు మనుషుల్ని రెండుగా విడదీసింది. కెమెరా వెనకున్నవాళ్ళు ఫోటో తీస్తారు, ముందున్నవాళ్ళు దిగుతారు. బరిలో దిగినట్టు, చెరువులో దిగినట్టు. దిగాలంటే ముందు కాస్త సిద్ధపడాలి. తల దువ్వుకోవాలి, కొంగు సర్దుకోవాలి, ఊపిరి బిగబట్టాలి. కెమెరా చవకైన కొద్దీ, చిన్నదైన కొద్దీ మారుతూ వచ్చింది ఈ తీసేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎవరన్నదే. లెన్సుల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ఈ రెండో చరిత్ర మాత్రం ఇళ్ళల్లో, బీరువా అడుగున, ప్లాస్టిక్ కవర్లలో ఉంటుంది.

మా ఊరి పేరు దగ్గరే మొదలుపెట్టొచ్చు. వికారాబాద్ అన్నది వికారుల్ ఉమ్రా పేరు. పైగా నవాబు, 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధాని, ఫలక్‌నుమా కట్టించినాయన. ఆ ఫలక్‌నుమాని, అక్కడికి వచ్చిపోయిన దొరల్నీ దొరసానుల్నీ ఫోటోలు తీసినవాడు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, 1880లలో హైదరాబాద్ చేరాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫరై రాజా బిరుదు పొందాడు. కొండల మీద కోటలు, వేట శిబిరాలు, విందు బల్లలు, ఆయన తీసిన గాజు పలకల్లో ఆనాటి హైదరాబాద్ పైవర్గం మొత్తం కదలకుండా నిలబడి ఉంటుంది.

నాకు ఆయన తీసిన వాటికన్నా ఆయన తీయలేనివి ఆసక్తి. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ముందు ఫోటో దిగరు గదా. అందుకని 1892లో దీన్ దయాళ్ హైదరాబాద్‌లో విడిగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడలు కట్టించాడు, దాన్ని నడపడానికి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీని పెట్టాడు. ఆడవాళ్ళు దిగాలంటే తీసే చెయ్యి కూడా ఆడవాళ్ళదే కావాలన్న సంగతి ఈ దేశంలో వ్యాపారంగా అర్థం చేసుకున్న తొలి మనుషుల్లో ఆయనొకడు. అయితే ఆ గోడల లోపలికి పోవడానికి కూడా మేనా ఉండాలి, నవాబు ఇల్లుండాలి. హైదరాబాద్ నుంచి వాడి పోయే రైలు 1874లోనే మా వికారాబాద్, తాండూరుల మీదుగా నడిచింది. కెమెరా మాత్రం మామూలు మనిషి చంకన ఆ రైలెక్కడానికి ఇంకో ఎనభై, తొంభై ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యలో అమెరికాలో జరిగింది చాలామందికి తెలిసిందే. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ అమ్మాడు, 25 డాలర్లకి. లోపల నూరు ఫోటోలకి సరిపడా ఫిల్ము. అయిపోయాక కెమెరాని కెమెరాగానే కంపెనీకి పంపితే వాళ్ళే కడిగి, కొత్త ఫిల్ము నింపి ఇచ్చేవాళ్ళు. 1900లో బ్రౌనీ వచ్చింది, ఒకే ఒక్క డాలరు. అది పిల్లల కోసమని ప్రకటనలు వేశారు. బరువైన పెట్టె, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ పోయి, ఇంట్లోవాళ్ళే ఇంట్లోవాళ్ళని తీసుకోవడం అక్కణ్ణుంచి మొదలైంది.

మా దగ్గరికి వచ్చిన బ్రౌనీ పేరు ఆగ్ఫా క్లిక్ త్రీ. జర్మనీ నమూనా, బరోడాలో తయారీ. 120 ఫిల్ము రీలు వేస్తే పన్నెండు చదరపు ఫోటోలు. వెనక చిన్న ఎర్రద్దం కిటికీ, అందులోంచి అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. ఇంకేమీ ఆలోచించే పని లేదు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ నుంచి 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ము కూడా దొరికేది. విదేశీ కెమెరా అంటే ఎవరో బయటి దేశం నుంచి తేవాలి, లేదా బొంబాయిలో తెలిసినవాళ్ళుండాలి. మధ్యతరగతి పంతులుకి క్లిక్ త్రీయే గతి. మా నాయిన దాన్ని కూడా కొత్తది కొనలేదు. సాటి పంతులు దగ్గర వాడింది తీసుకున్నాడు.

పన్నెండంటే పన్నెండే. ఒక్కో రీలు ఏడాది నడిచేది. అనంతగిరి గుట్ట మీద అక్క పుట్టెంట్రుకలకి రెండు. తాండూరులో చిన్నాయన పెళ్ళికి నాలుగు. మూసీ పుట్టే ఆ గుట్టల్లోనే బడి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఒకటి. ఇంకోటి సైకిలు కొన్నప్పుడు, సైకిలుకి. నాయనమ్మ తాండూరు ఇంటి ముందు నాపరాయి అరుగు మీద కూచుని ఉండేది. ఆ ఊళ్ళో అరుగు, గచ్చు, ప్రహరీ, సమాధి అన్నీ ఆ బండే. నాయిన కెమెరా ఎత్తగానే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకే మాట అనేది. "నన్నెందుకురా, రీలు దండగ."

సిగ్గుతో అన్నదని మేమంతా అనుకున్నాం. ఇప్పుడాలోచిస్తే ఆమె ఉన్న మాటే అంది. పన్నెండింటిని ఎవరికెవరికి పంచాలో ఆ ఇంటికి ఒక లెక్క ఉంది. పెరిగే పిల్లలకి, పెళ్ళయ్యేవాళ్ళకి, కొత్త వస్తువులకి. రేపు కూడా అక్కడే, అదే అరుగు మీద కూచునే ముసలామె ఆ లెక్కలోకి రాదు. ఆ లెక్క ఆమెకి మా అందరికన్నా బాగా తెలుసు. క్లిక్ త్రీ ఫోటోల్లో ఆమె ఒక్కదానిలో ఉంది. అదీ పెళ్ళి గుంపులో, ఎవరి భుజం వెనకో సగం తల.

ఇంకో మనిషి కూడా ఆ ఆల్బంలో లేడు. మా నాయిన. తీసేవాడు దిగడు. అమ్మ చేతికి కెమెరా ఇవ్వొచ్చు గదా అంటే, "పాడు చేస్తది" అనేవాడు. కెమెరా పాడవుతుందని కాదు, ఒక ఫోటో పాడవుతుందని. జనానా స్టూడియో తర్వాత ఎనభై ఏళ్ళు గడిచినా మా ఇంట్లో తీసే చెయ్యి మారలేదు.

1980లలో హాట్‌షాట్ వచ్చింది. చిన్న 110 ఫిల్ము, జేబులో పట్టే డబ్బా. టీవీ ప్రకటనల్లో గొప్పగా ఉండేది గానీ ఫోటోలు పెద్దవి చేస్తే గోధుమ రవ్వ పోసినట్టుండేవి. కాస్త స్థితిమంతులు యాషికా కొన్నారు. మేము 1996లో కొన్నది కొడాక్ కేబీ 10. నల్ల ప్లాస్టిక్కు ఒళ్ళు, ఫోకసు సరిచేసే పని లేదు, ఫ్లాషుంది, మామూలు 35 ఎంఎం రంగుల రీలు. ఆ రోజుల్లో పెళ్ళికి కానుకగా ఇవ్వదగ్గ కెమెరా అది.

ఇప్పటి పాఠకుల్లో చాలామంది రీలు ఎక్కించి ఉండరు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. రీలు డబ్బాలోంచి నాలిక కొంచెం బయటికి ఉంటుంది. దాన్ని లాగి అవతలి కడ్డీకి తగిలించి మూత వెయ్యాలి. అలా లాగిన మేరకు ఫిల్ముకి వెలుతురు తగిలి పాడైపోయి ఉంటుంది. కాబట్టి మొదటి రెండు మూడు నొక్కులు ఉత్తగా నొక్కి, తిప్పి, ఆ ముక్క దాటించాలి. ఆ తర్వాతే అంకె ఒకటికి వస్తుంది. పొదుపరులు నాలిక తక్కువ లాగి 36 రీలులో 37, 38 రాబట్టేవాళ్ళు. పూర్తయ్యాక రీలు కడగడానికి ఇవ్వాలి. తెలుగువాళ్ళు ఫోటోల్ని డెవలప్ చేయించలేదు, కడిగించుకున్నారు. రీలు ధర, కడిగిన కూలి, ప్రింటు, అన్నీ కలిపి ఒక్కో నొక్కు వికారాబాద్ నుంచి తాండూరుకి పాసింజర్ టికెట్టంత పడుతుందని మా నాయిన లెక్క. సుమారు నలభై కిలోమీటర్ల దూరం. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్లు మొహమాటం ఫోటోలకి రీలు లేకుండా ఉత్త ఫ్లాషు కొట్టేవాళ్ళని అందరం జోకులేసుకునేవాళ్ళం. జోకు కాదు, చాలాచోట్ల నిజమే. దిగినవాళ్ళకి తృప్తి, తీసినవాడికి పొదుపు.

అదే కాలంలో, కెమెరా కొనలేని ఇళ్ళల్లోకి ఫోటో వేరే దారిన వచ్చింది. 1993లో ఎన్నికల సంఘం శేషన్ హయాంలో ఫోటో ఉన్న ఓటరు కార్డు తెచ్చింది. తాండూరులో బడి వరండాలో జనం వరస కట్టడం నాకు గుర్తుంది. బండల గనుల్లో సుత్తి పట్టేవాళ్ళు, కంది చేలల్లో కూలికి పోయేవాళ్ళు, మొదటిసారి ఒంటరిగా, ఎదురుగా, మొహం నిండా ఫోటో దిగింది ఆ బల్ల మీదే. "ఇటు చూడు, తల ఎత్తు" తప్ప ఇంకో మాట లేదు. ఆ మనిషి పోయాక అదే తపాలా బిళ్ళంత ఫోటోని స్టూడియోకి తెచ్చి పెద్దది చేయించేవాళ్ళు. స్టూడియోవాళ్ళు చొక్కాకి రంగేసి, వెనక నీలం తెర పెట్టి, పటం కట్టి ఇచ్చేవాళ్ళు. తెలంగాణ పల్లెల్లో గోడల మీద దండ వేసి ఉన్న ముసలివాళ్ళ పటాల్లో చాలామంది అలా గుర్రుగా, కొంచెం భయంగా చూస్తుంటారు. వాళ్ళు చూస్తున్నది ప్రభుత్వాన్ని.

2006లో మూడో కెమెరా. ఈసారి డిజిటల్. దాని పూర్వీకుణ్ణి 1975లో కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు తయారు చేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు, బొమ్మ నిడివి వెడల్పు నూరేసి చుక్కలు, ఒక్కో బొమ్మ క్యాసెట్ మీదికెక్కడానికి 23 సెకన్లు. జేబులోకి రావడానికి పాతికేళ్ళు పట్టింది. మేము కొనే నాటికి కోఠి దుకాణాల్లో జనమంతా అడిగేది ఒక్కటే, ఎన్ని మెగాపిక్సెళ్ళు? అయిదా, ఏడా, పదా? అది తప్పుడు ప్రశ్న అని చాలా ఆలస్యంగా తెలిసింది. పాత రీలు మీద ఒక్కో గడి 36 మిల్లీమీటర్లు పొడవు, 24 వెడల్పు. ఈ చవక కెమెరాల్లో వెలుతురు పట్టే సెన్సరు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండీ లేనట్టుండేది. తాండూరు కంది గింజంత. వైశాల్యంలో ముప్పయ్యో వంతు. ఆ కంది గింజని పది మిలియన్ ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మీద పడే వెలుతురెంత? అందుకే సాయంత్రం అయ్యేసరికి ఫోటో నిండా చీమలు పారేవి, కెమెరా భయపడి ఫ్లాషు కొట్టేది. మా మేనకోడలి హాస్టలు ముచ్చటపడుతున్నది ఈ లోపాన్నే.

మాకు నిర్ణయం చేసింది మెగాపిక్సెళ్ళు కాదు, పెన్సిల్ సెల్లులు. కొన్ని కెమెరాలకి సొంత బ్యాటరీ, సొంత చార్జరు. కరెంటు పోతే అంతే. కానన్ పవర్‌షాట్ ఏ వరసలో రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు, తాండూరు కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి. (చవక సెల్లులు పది ఫోటోలకే చచ్చిపోతాయని తర్వాత తెలిసింది. చార్జింగు సెల్లులు కొన్నాం.) ఆరువేల చిల్లర పడింది.

అసలు మార్పు కెమెరా వచ్చిన రెండో రోజే జరిగింది. నాయిన దాన్ని బల్ల మీద పెట్టి స్నానానికి పోయాడు. మా అమ్మ తీసుకుని ఆయన తువ్వాలు కట్టుకుని వస్తుంటే నొక్కింది. ఇంట్లో ఆయన ఫోటో పడడం అదే మొదటిసారి. ఎవరూ కోప్పడలేదు. ఒక నొక్కు పాడైతే పోయేదేముంది? ఆ తర్వాత ఆరేళ్ళ మేనల్లుడు పట్టుకున్నాడు. వాడు తీసినవన్నీ నడుము ఎత్తు నుంచే. మోకాళ్ళు, బల్లల అడుగు భాగాలు, అరుగు మీద కూచున్న నాయనమ్మ. కూచున్న మనిషీ నిలబడ్డ పిల్లవాడూ ఒకే ఎత్తు గనక ఆ ఫోటోల్లో ఆమె మనకేసి తిన్నగా చూస్తుంది.

ఇక్కడ వికారాబాద్ నుంచి బీదరు రైలెక్కి జహీరాబాద్ దాకా పోవాలి. అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ ఒకప్పుడు దూరదర్శన్ నిర్మాత. 2023లో పోయారు. 1990ల చివర్లో ఆ సంఘాల్లోని దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. నేర్చుకుంటూ షాట్లకి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, దొర అట్లనే చూస్తాడు గనక. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. ఎదురెదురుగా, కళ్ళ ఎత్తులో ఉండేది సంగం షాట్, సంఘంలో అందరూ చాప మీదే కూచుంటారు గనక. కెమెరా గురించి ఇంత సూటి విమర్శ నేను ఏ సినిమా పుస్తకంలోనూ చదవలేదు. మా నాయిన ఇరవై ఏళ్ళు నాయనమ్మని నిలబడే తీయబోయాడు, అరుగు మీద ఉన్న మనిషిని.

ఆమె మాత్రం డిజిటల్ వచ్చాక కూడా అదే మాట. "నాదెందుకు బిడ్డా, రీలు దండగ." రీలే లేదని చెప్పి చూశాం. "లేకుండెట్ల వస్తది?" అనేది. మేము నవ్వి తీసేవాళ్ళం. అయిదేళ్ళలో ఆమె ఫోటోలు రెండొందలకి పైనే పోగయ్యాయి.

అవి ఇప్పుడు లేవు. కార్డు నిండినప్పుడల్లా కంప్యూటర్లోకి ఎత్తి, కార్డు ఖాళీ చేసేవాళ్ళం. ఎవరమూ ప్రింటు వేయించలేదు. ఎప్పుడైనా వేయించొచ్చు గదా అని. 2011లో ఒకరోజు హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు చెప్పిన ధరకి ఇంకో రెండు కెమెరాలు వస్తాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నాం. ఆ తర్వాత అది ఏ అటక మీదికి పోయిందో, ఏ పాత సామాన్లవాడికి పోయిందో. మా ఒక్క ఇంటి కథ కాదిది. మీ ఇంట్లో 2004కీ 2012కీ మధ్య ఫోటోలెన్ని ఉన్నాయో ఒకసారి వెతికి చూడండి. మా తరం ఇళ్ళల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫోటోలు తీసిన కాలం అది, అన్నిటికన్నా తక్కువ మిగిలినదీ అదే. ఆ కెమెరాల వైభవం కూడా అంతే వేగంగా పోయింది. జపాన్ తయారీదార్లు 2010లో పన్నెండు కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు పంపిణీ చేశారు. 2023 నాటికి అది ఎనభై లక్షల లోపుకి పడిపోయింది. పని ఫోను చేతికెళ్ళింది. డిజిటల్ కెమెరా పుట్టిల్లు కొడాక్ 2012 జనవరిలో దివాలా పత్రాలు దాఖలు చేసింది.

నాయనమ్మ 2013లో పోయింది. పటం కోసం వెతికితే ఓటరు కార్డు తప్ప ఇంకేమీ దొరకలేదు. నాయినకి అది ఇష్టం లేదు. "ఎవల్నో చూసి భయపడ్డట్టుంది" అన్నాడు. కేబీ 10 కాలం నెగెటివులు ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. వాటిని ట్యూబులైటుకి పెట్టి ఒక్కొక్క పట్టీ చూస్తూ పోయాం. ఒక రీలు మొదట్లో, ఒకటో అంకెకి ముందు, ల్యాబువాళ్ళు ప్రింటు వెయ్యకుండా వదిలేసిన గడి. సగం వెలుతురు కొట్టి పోయింది. మిగిలిన సగంలో అరుగు, అరుగు మీద ఆమె. కొంగు అడ్డం లేదు. రీలు ఎక్కించాక ముందుకు జరపడానికి నాయిన ఉత్తగా నొక్కిన నొక్కు అది. కెమెరా ఆయన ఒళ్ళో ఉండి ఉండాలి. ఎత్తు చూస్తే తెలుస్తుంది. అది ఫోటో కాదని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆమె దిగలేదు, ఆయన తీయలేదు. తాండూరు ఇంట్లో ఇప్పుడున్న పటం అదే. ఎడమ పక్కంతా నారింజ రంగు మంట. స్టూడియో కుర్రాడు ఆ మంట తీసేసి నీలం తెర పెడతానన్నాడు. వద్దన్నాం.

డిజిటల్ కెమెరాలో ఆ గడి ఉండేది కాదు. తెర మీద చూసిన వెంటనే చెరిపేసేవాళ్ళం.

ఇదంతా చెప్తే మా మేనకోడలు ఓపిగ్గా విని, "అది సరే మామా, ఏది కొనాలె?" అంది. పెన్సిల్ సెల్లులతో నడిచేది చూసుకోమన్నాను. ఆ పాత మోడళ్ళ సొంత బ్యాటరీలు ఇప్పుడు దొరికినా ఉబ్బిపోయి ఉంటాయి. కార్డు మామూలు ఎస్‌డీ అయ్యుండాలి. ఒలింపస్, ఫుజీ కొన్నాళ్ళు వాడిన ఎక్స్‌డీ కార్డు జోలికి పోవద్దు, కార్డు దొరికినా దాన్ని చదివే పరికరం దొరకదు. మెగాపిక్సెళ్ళు పట్టించుకోవద్దు. లెన్సు మూత పూర్తిగా తెరుచుకుంటుందో లేదో అమ్మేవాడి ముందే చూడు. రెండు మూడు పాత కార్డులు పెట్టుకో, పెద్ద కార్డులు పాత కెమెరాలకి అరగవు. ఏడాదికి పన్నెండు ప్రింట్లు వేయించు, క్లిక్ త్రీ లెక్క. "పన్నెండేనా?" అంది. మొదట పన్నెండు వేయించి చూపించమన్నాను. ఇంకోటి కూడా చెప్పాను. సెల్లులు తీసినప్పుడల్లా ఈ కెమెరాలు తేదీ మర్చిపోతాయి, వెయ్యగానే సరిచెయ్యాలి.

దీపావళికి కొంది. మొదటి ఫోటో మా అమ్మది తీసిందట. వాట్సాప్‌లో పంపింది. అమ్మ చేతిలో చేట, చేటలో కందిపప్పు, ఫ్లాషుకి కళ్ళు సగం మూసుకుని ఉంది. తేదీ పెట్టడం మరిచిపోయినట్టుంది. కింద మూలన నారింజ రంగు అంకెల ప్రకారం మా అమ్మ ఆ ఫోటో 2008 జనవరి 1న దిగింది.